అయిదుగురు జడ్జీలు, ఒక ప్రొటెస్ట్, మా మేనల్లుడు

2025 నవంబరు 15, శనివారం సాయంత్రం 5:40కి గుంటూరులోని ఒక ఇండోర్ హాలులో బాక్సింగ్ సెమీఫైనల్ ఫలితం ప్రకటిస్తుండగా, రింగు మధ్యలో రిఫరీకి ఎడమపక్కన నిలబడ్డ మా మేనల్లుడు తన చెయ్యి తానే పైకి ఎత్తబోయాడు. మణికట్టు రిఫరీ పిడికిలిలోనే ఉంది కాబట్టి అది భుజం దాకా లేచి మళ్ళీ దిగిపోయింది. అవతలి చెయ్యి, నీలి కార్నర్‌లో ఆడిన ప్రత్యర్థి కుర్రవాడిది, పైకి లేచింది. అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు అటు, ఇద్దరు ఇటు: 3-2 స్ప్లిట్ డెసిషన్. అక్కడినుంచి సరిగ్గా నెల రోజులపాటు నేను ఆ ఒక్క బౌటు వెంట తిరిగాను. తీర్పు మీద ప్రొటెస్ట్ (ఫిర్యాదు) పెట్టడం, డబ్బు కట్టడం, ఎదురుచూడడం, స్కోర్ షీట్లు చూడడం, చివరికి ఆ తొమ్మిది నిమిషాలకు నేనే మార్కులు వేయడం దాకా ఏం జరిగిందో వరుసగా రాస్తున్నాను.

ముందు మావైపు సంగతి చెప్పాలి. మావాడికి పదిహేడేళ్ళు, 60 కిలోల విభాగం. గుంటూరు బయలుదేరేనాటికి వాడి రికార్డు 11 బౌట్లు, 11 విజయాలు. ఆ పదకొండులో మూడు ఎదుటివాడు బరిలోకి రాకుండానే దక్కిన వాకోవర్లనీ, మరో నాలుగు బడి స్థాయి పోటీల్లో, అంతకు ముందు నెలలోనే గ్లవ్స్ తొడుక్కున్న పిల్లలతో జరిగినవనీ నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ లెక్క డైరీలో రాసిపెట్టింది నేనే. అయినా అడిగినవాళ్ళందరికీ ‘పదకొండుకు పదకొండు’ అనే చెప్పేవాణ్ణి. కోచ్ గారు పట్టుకున్న ప్యాడ్ల మీద వాడు టపటపా కొడుతున్న ఇరవై సెకన్ల రీల్ తీసి పెట్టింది కూడా నేనే, దాన్ని నలభై వేలమంది చూశారు. ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌లో ఫోటోతో వార్త వచ్చింది. మా కాలనీ జంక్షన్‌లో ‘విశాఖ నుంచి మరో నిఖత్’ అంటూ ఫ్లెక్సీ లేచింది. మగపిల్లవాడి ఫోటో కింద ఆ మాటేమిటని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2009లో మా విశాఖలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలోనే ఐ.వి. రావు గారి దగ్గర శిక్షణకు చేరింది కాబట్టి, ఇక్కడ గ్లవ్స్ వేసుకున్న ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఆమె పేరు తగిలించడం మాకు అలవాటైపోయింది. అప్పటినుంచి 2022లో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయ్యేదాకా పదమూడేళ్ళు పట్టింది. మేము మావాడికి రెండేళ్ళు ఇచ్చాం.

గుంటూరులో మొదటిరోజు, అంటే 14వ తేదీన, మావాడు మొదటి బౌటును రెండో రౌండులోనే ఆర్‌ఎస్‌సీ (రిఫరీయే బౌటు ఆపేయడం) మీద ముగించాడు. నేను ఫోనులో ఇంటికి చేసిన వర్ణన వింటే అది ఒలింపిక్ ఫైనలేమో అనుకుంటారు. మరునాడు పొద్దున ఏడున్నరకు బరువు చూస్తే 59.9. దానికోసం వాడు ముందురోజు రాత్రి నుంచి గుక్కెడు నీళ్ళతోనే ఉన్నాడు. సెమీఫైనల్ పదకొండు గంటలకన్నారు, తరువాత రెండన్నారు, చివరికి 5:25కు పిలిచారు. ఆ పది గంటల నిరీక్షణలో నాకు బాగా గుర్తున్న దృశ్యం ఒకటుంది. మా గదుల ముందు వరండా కటకటాల మీద ఎవరివో చేతిపట్టీలు ఉతికి ఆరేసి ఉన్నాయి. అవి గాలికి పడిపోకుండా ఒక కుర్రవాడు అరగంటకోసారి వచ్చి, తిరగేసి, మళ్ళీ సాఫుచేసి వెళ్తున్నాడు. సాయంత్రం నీలి కార్నర్‌లో నిలబడ్డది వాడేనని నాకు బౌటు మొదలయ్యాకే తెలిసింది.

బౌటు నేను ఆనాడు చూసినట్టే చెబుతాను. మొదటి రౌండులో దాదాపు రెండు నిమిషాల దగ్గర మావాడి కుడిచేతి పంచ్ ఆ కుర్రవాడి గడ్డానికి సూటిగా తగిలింది. మోకాళ్ళు వంగాయి, రిఫరీ ఎనిమిది దాకా లెక్కపెట్టాడు, దాన్నే కౌంట్ అంటారు. హాలు దద్దరిల్లింది. రెండో రౌండు కొంచెం అటువైపు పోయింది. మూడో రౌండులో ఇద్దరూ అలిసిపోయారు, మావాడి చేతులు ఎక్కువ ఆడాయి. నా మనసులో బౌటు మాదే, అందులో ఇసుమంత సందేహం లేదు.

ఫలితం వినగానే నేను నిర్వాహకుల బల్ల దగ్గరికి పరుగెత్తాను. అక్కడ నాకు తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, మేనమామకు ప్రొటెస్ట్ పెట్టే హక్కు లేదు. జట్టు మేనేజరు సంతకంతో, ఫలితం ప్రకటించిన ముప్పై నిమిషాల్లోపు, రాతపూర్వకంగా, 2,000 రూపాయల రుసుముతో ఇవ్వాలి. ఈ నాలుగు ముక్కలూ పోటీలకు ముందు అందరికీ పంచిన కాగితం రెండోవైపున ఉన్నాయి, మేమెవరమూ ఆ కాగితం తిప్పి చూడలేదు. మేనేజరు గారు టీ తాగడానికి బయటికి వెళ్ళారు. ఆయన్ను పట్టుకునేసరికి 5:51. రుసుము నగదే కావాలన్నారు, ఫోనుతో కట్టడం కుదరదన్నారు. రోజూ పది రూపాయల టీకి కూడా ఫోనే చూపించే నా జేబులో ఉన్నవి మూడు వందల నలభై. వీధి చివరి ఏటీఎంలో డబ్బు లేదు, రెండోది ఇంకో మూడు వందల గజాల దూరంలో ఉంది. నేను అటు పరుగెత్తుతుంటే ఫోనులో మేనేజరు గారికి అర్జీ చెబుతున్నాను, ఆయన రాసుకుంటున్నారు.

ఆవేశంలో ఏం చెప్పానో తరువాత చదువుకుంటే సిగ్గేసింది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 86 పంచ్‌లు, పార్క్ సి-హున్ 32 పంచ్‌లు కొట్టినట్టు టీవీవాళ్ళు లెక్కతేల్చినా తీర్పు 3-2తో కొరియా కుర్రవాడికి పోయిన వైనం మొత్తం అందులోకి ఎక్కించాను. మేనేజరు గారు పాపం రాస్తూ రాస్తూ, “ఇందులో కొరియా ఎందుకండీ?” అన్నారు. “ఉండనివ్వండి సార్, బలంగా ఉంటుంది” అన్నాను. అసలు ఫిర్యాదు చివరి రెండు వాక్యాల్లోకి కుదించుకుపోయింది. మొదటి రౌండులో కౌంట్ తిన్న కుర్రవాడికే ఒక జడ్జి ఆ రౌండు ఎలా ఇస్తాడన్నది మా ప్రశ్న. ఆ సంగతి రౌండ్ల మధ్య విరామంలో తెరమీద జడ్జీల అంకెలు కనిపించినప్పుడు మా కంట పడింది.

అర్జీ, డబ్బు బల్లమీద పెట్టేసరికి 6:06. రసీదు ఇచ్చారు. మా కోచ్ గారు మాత్రం ఈ హడావిడి అంతటిలో గోడకానుకుని మావాడి గ్లవ్స్ విప్పుతూ కూర్చున్నారు. ఆయన నాతో అన్నది ఒక్కటే: “మీ ఇష్టం సార్. నన్నడిగితే వద్దంటాను.” అప్పుడు ఆ మాట నాకు పిరికితనంలా వినిపించింది.

అక్కడినుంచి నిరీక్షణ. బౌట్లు అయిపోయాయి, దీపాలు సగం ఆర్పేశారు, కుర్చీలు పేర్చేస్తున్నారు. వాడు ఒళ్ళో టవల్‌తో కూర్చుని ఒక్కమాటా మాట్లాడలేదు. విశాఖ నుంచి మా అక్క పావుగంటకోసారి ఫోను చేస్తోంది. “ఏమైందిరా తమ్ముడూ? మార్చారా?” అని అడిగిన ప్రతిసారీ “చూస్తున్నారక్కా” అనేవాణ్ణి. రెండు గంటల ముప్పై తొమ్మిది నిమిషాల తరువాత, 8:45కు, మూడు వాక్యాల సమాధానం చేతిలో పెట్టారు. స్కోర్ల కూడిక సరిచూశామని, రిఫరీ నిర్ణయాలు నిబంధనల ప్రకారమే ఉన్నాయని, ఒక రౌండును ఎవరికి ఇవ్వాలన్నది జడ్జి విచక్షణ కనుక దాన్ని పునఃపరిశీలించే అవకాశం లేదని అందులో ఉంది. డబ్బు తిరిగి రాదు. ఈ మూడో వాక్యం ముందే తెలిసి ఉంటే ఏటీఎం దాకా పరుగెత్తేవాణ్ణి కాదు. కూడికలో తప్పు దొరికితేనో, రిఫరీ నిబంధన తప్పితేనో తప్ప అలాంటి ప్రొటెస్ట్‌కు అక్కడ చోటే లేదు.

తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదు. 2017 సెప్టెంబరులో ప్రొఫెషనల్ బాక్సర్లు కానెలో, గొలోవ్‌కిన్ల మధ్య లాస్ వేగాస్‌లో జరిగిన పోరును ఆ తెల్లవారుజామున చూశాను. ఆ ఒక్క పోరునే ఒక జడ్జి 118-110తో కానెలోకి ఇచ్చారు, ఇంకొకరు 115-113తో గొలోవ్‌కిన్‌కి ఇచ్చారు, మూడోవారు 114-114 సమానమన్నారు. పన్నెండు రౌండ్లు రింగు పక్కనే కూర్చుని చూసిన ముగ్గురు అలా మూడు దారులు పట్టగా లేనిది, మా బౌటులో అయిదుగురూ ఒకే మాటమీద ఉండాలని నేనెందుకు పట్టుబడుతున్నానో నాకే అర్థం కాలేదు. కానీ కోపం తగ్గలేదు. సోమవారం, 17వ తేదీన, స్కోర్ షీట్ల నకలు ఇవ్వాలని ఉత్తరం రాశాను.

జవాబు రావడానికి ఇరవై రోజులు పైనే పట్టింది. మధ్యలో మూడుసార్లు ఫోను చేశాను. నకలు ఇవ్వరట, వచ్చి చూసి రాసుకోవచ్చట. డిసెంబరు 9న సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాను, రానుపోను ఖర్చు 1,850 రూపాయలు. ఒక గుమాస్తా ఎదురుగా కూర్చోగా, స్కూలు నోటు పుస్తకంలో అయిదుగురి అంకెలూ ఎక్కించుకున్నాను.

మొదటి రౌండును నలుగురు మావాడికి ఇచ్చారు, నాలుగో జడ్జి మాత్రం అవతలి కుర్రవాడికి ఇచ్చాడు. రెండో రౌండు అయిదుగురూ అతనికే ఇచ్చారు. మూడో రౌండులో ఒకటి, రెండు, నాలుగు నంబర్ల జడ్జీలు మావాడి వైపు, మూడు, అయిదు నంబర్లవాళ్ళు అటువైపు. చూడగానే ఒళ్ళు మండింది. మూడు రౌండ్లలో రెండు, మెజారిటీ ప్రకారం, మావే. అయినా ఓడిపోవడమేమిటి? గుమాస్తా గారు నా ముఖం చూసి, “అడ్డంగా కూడకండి, నిలువుగా కూడండి” అన్నారు.

నిలువుగా కూడాను. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. మొదటి, రెండో జడ్జీల మొత్తం 29-28 మావాడికి. మూడో జడ్జి మొదటి రౌండు మాకిచ్చినా మిగతా రెండూ అటు ఇచ్చాడు కాబట్టి 28-29. నాలుగో జడ్జి మొదటి రెండూ అటు ఇచ్చి, చివరిది మాకిచ్చాడు, అదీ 28-29. అయిదో జడ్జిదీ 28-29. ఒక్కో రౌండును ఎక్కువమంది ఎవరికిచ్చారన్న లెక్క తీర్పులో ఎక్కడా రాదు. ప్రతి జడ్జీ తన మూడు రౌండ్లూ కూడితే ఎవరు గెలిచారో అది ఒక ఓటు. 2021 జులై 29న టోక్యోలో మేరీ కోమ్‌కు జరిగింది అచ్చంగా ఇదే. కొలంబియా బాక్సర్ ఇన్‌గ్రిట్ వలెన్సియాతో మొదటి రౌండు 1-4తో పోయింది, తరువాతి రెండూ 3-2తో మేరీవే, అయినా బౌటు 2-3తో చేజారింది. తను గెలిచాననే అనుకుంటూ ఆమె రింగు దిగింది. ఆనాడు ఆ వార్త చదివి ‘అన్యాయం’ అని గట్టిగా అరిచినవాణ్ణే నేను, కానీ కాగితం మీద నిలువుగా కూడి చూడలేదు.

కూడిక అర్థమయింది గాని నాలుగో జడ్జి మీద కసి మాత్రం అలాగే ఉంది. కౌంట్ తిన్నవాడికి రౌండు ఇవ్వడమేమిటన్న ప్రశ్న పట్టుకుని, మా కోచ్ గారి ద్వారా, చాలా ఏళ్ళు జడ్జిగా పనిచేసి రిటైరైన ఒక మాస్టారి దగ్గరికి డిసెంబరు 14, ఆదివారం పొద్దున వెళ్ళాను. నా దగ్గర రెండు వీడియోలున్నాయి. ఒకటి నేను ఎర్ర కార్నర్ పక్క మెట్లమీంచి ఫోనుతో తీసింది. రెండోది ఎదురువైపు నుంచి గుంటూరు కుర్రవాడొకడు స్టాండు మీద పెట్టి తీసింది, దాన్ని సంపాదించడానికి రెండు వారాలు పట్టింది.

మాస్టారు ముందు నా వీడియో అర నిమిషం విన్నారు. దాన్నిండా నా గొంతే. “అదిగో! పడింది! కొట్టాడు! ఇంకోటి!” మావాడి చెయ్యి కదిలిన ప్రతిసారీ నేను అరుస్తున్నాను, అవతలివాడి చెయ్యి కదిలినప్పుడు నిశ్శబ్దం. ఆయన టీవీ శబ్దం పూర్తిగా తీసేశారు. “చప్పుడుంటే మార్కులు చెవులు వేస్తాయి బాబూ. ఆపకూడదు, వెనక్కి తిప్పకూడదు, నెమ్మదిగా పెట్టి చూడకూడదు. గంట కొట్టిన పది సెకన్లలో అంకె రాసి కాగితం బోర్లించు. సమానం అనడం మనకు లేదు, ఎవరికో ఒకరికి ఇచ్చి తీరాలి” అన్నారు. ఏం చూడాలన్నది కూడా ఆయన వరసగా చెప్పారు. మొదట, పిడికిలి కణుపుల భాగంతో తల ముందువైపు, పక్కల, నడుము పైభాగాన శుభ్రంగా తగిలిన దెబ్బలు ఎన్ని. తరువాత, నైపుణ్యంతో, ఎత్తుగడతో బౌటును నడిపింది ఎవరు. ఆ తరువాత, పోటీతత్వం.

నా ఫోను వీడియోకు శబ్దం లేకుండా వేసినా మావాడికే 29-28 వచ్చింది. రెండో వీడియో పెట్టాం. అదే బౌటు కాదేమో అనిపించింది. మావైపు నుంచి చూసినప్పుడు మావాడి వీపు అడ్డం వచ్చి కనిపించని చోట, ఆ కుర్రవాడి ఎడమచెయ్యి పక్కటెముకల కింద పడుతూనే ఉంది. చిన్న చిన్న పంచ్‌లు, చప్పుడు లేనివి, ఒక్కటి కొట్టి పక్కకు జరిగిపోవడం, మళ్ళీ వచ్చి ఇంకొకటి. నలభై వేలమంది చూసిన రీల్‌లో ఉన్న ఆ టపటపలు ఇక్కడా ఉన్నాయి, అయితే ప్యాడ్ల బదులు ఎదుటివాడి గ్లవ్స్ మీద, మోచేతుల మీద పడుతున్నాయి. కొట్టాక మావాడి చేతులు నడుము దాకా దిగిపోతున్నాయి, ఆ సందులోనే అవతలివాడు లోపలికి వస్తున్నాడు. ఈసారి నా కాగితం మీద మొదటి రౌండు మావాడికి, మిగతా రెండూ అటు. 28-29.

మాస్టారి కాగితం తిప్పితే ఆయన మొత్తం కూడా 28-29. కానీ ఆయన మొదటి రెండు రౌండ్లూ నీలి కుర్రవాడికి ఇచ్చి మూడోది మావాడికి ఇచ్చారు. అంటే నేను నెల రోజులుగా తిట్టిపోస్తున్న నాలుగో జడ్జి లెక్కే ఆయనది. ఆ ఒక్క రౌండు మీద మాకిద్దరికీ గంట సేపు వాదన జరిగింది, మధ్యలో వాళ్ళావిడ రెండుసార్లు కాఫీ ఇచ్చి వెళ్ళారు.

“కౌంట్ పడింది కదా మాస్టారూ?” అన్నాను. “పడింది. దానికి వేరే పాయింటు ఎక్కడుంది? నువ్వు చూసే ప్రొఫెషనల్ బాక్సింగులో కిందపడితే మామూలుగా 10-8 వేస్తారు. ఇక్కడ అది కూడా ఒక దెబ్బే, చాలా మంచి దెబ్బ. మిగతా రెండున్నర నిమిషాలు ఏం జరిగిందో ఎవరు లెక్కపెడతారు?” అన్నారు. ఇక అప్పుడు వెనక్కి తిప్పి, నెమ్మదిగా పెట్టి లెక్కపెట్టాం. శుభ్రంగా తగిలినవి మావాడివి తొమ్మిది, అతనివి పద్నాలుగు. కౌంట్ అయిన వెంటనే మావాడు చేసిన పని కూడా అప్పుడే చూశాను. అవతలివాడు ఇంకా కుదురుకోకముందే వెంటపడాల్సింది పోయి, మెట్లమీద ఉన్న మావైపు తిరిగి చేతులెత్తాడు. ఆ తరువాత దాదాపు ఇరవై సెకన్లు ఒక్క పంచ్ లేదు. ఆ చేతులెత్తడం ఎవరికోసమో నాకు తెలుసు, కెమెరా పట్టుకుని నిలబడ్డది నేనే.

నేను మాత్రం మొదటి రౌండును ఇప్పటికీ మావాడికే ఇస్తాను. ఆ దెబ్బ బరువు మిగతా అయిదు దెబ్బల తేడాను తీర్చేసిందని నా వాదన. మాస్టారు ఒప్పుకోలేదు, నేనూ వెనక్కి తగ్గలేదు. అలా ఇద్దరం వేర్వేరు దారుల్లో వెళ్ళి ఒకే మొత్తం దగ్గర తేలాం. నిజానికి మూడో రౌండు ఎటైనా పోవచ్చు, దాన్ని మావాడికిచ్చిన ముగ్గురినీ, ఇవ్వని ఇద్దరినీ నేను తప్పుపట్టను. ఎటూ పోనిది రెండో రౌండు ఒక్కటే. అదీ మావాడిది కాదు.

అన్నీ కలిపి ఖర్చు: మొదటి ప్రయాణానికి ముగ్గురికి రైలు, మూడు రాత్రుల లాడ్జి, తిండి 9,400, ప్రొటెస్ట్ 2,000, రెండో ప్రయాణం 1,850, పెన్‌డ్రైవ్, కొరియరు 520. మొత్తం 13,770 రూపాయలు.

ఆ సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్ళి వాడికి రెండో వీడియో పెట్టాను. ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూడబలుక్కున్నాను గాని ఆ అవసరం రాలేదు. వాడు రెండో రౌండు ఒకసారి చూసి, రిమోటు తీసుకుని మళ్ళీ మొదటినుంచి పెట్టి, వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. గంట కొట్టాక, “కడుపులో పదకొండు మామయ్యా. నాకు ఆరో ఏడో అనిపించాయి” అన్నాడు. “అప్పుడే తెలుసా నీకు?” అంటే, “కార్నర్‌కి రాగానే సార్‌తో చెప్పాను, ఊపిరి అందడం లేదని” అన్నాడు. కోచ్ గారు ప్రొటెస్ట్ వద్దనడానికి కారణం అప్పుడు తెలిసింది. నేను బల్ల దగ్గరికి పరుగెత్తేటప్పటికే ఆ ఇద్దరికీ తెలుసు. మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. “నువ్వు అప్పటికే ఏటీఎంకి వెళ్ళిపోయావు” అన్నాడు.

వాడు ఇప్పుడు ప్యాడ్లు మానేసి, అద్దం ముందు చేతులు దించకుండా తిరగడం ఒక్కటే పొద్దునా సాయంత్రం చేస్తున్నాడు. చూడడానికి ఏమీ ఉండదు కాబట్టి దాన్ని రీల్ తియ్యమని ఎవరూ అడగడం లేదు. పాత రీల్ నేను తీసేశాను. జంక్షన్‌లో ఫ్లెక్సీ మాత్రం ఇంకా అలాగే ఉంది. కట్టడానికి అయిదు వందలు తీసుకున్న మనిషే విప్పడానికి మూడు వందలు అడుగుతున్నాడు, రెండు వందల యాభై దగ్గర బేరం నడుస్తోంది.